రెండు దట్టీల కావలి

తూర్పు సముద్రం మూడు వైపుల నుంచీ చుట్టుకుని, నాలుగో వైపు మాత్రం మనుషులకు వదిలిపెట్టిన చోట ప్రవాళదుర్గం నిలిచి ఉంది. సూర్యుడు నీళ్ళలోంచి తల ఎత్తగానే ముందు ఆ కోట గోడలు ఎర్రబడతాయి, ఆ తరువాతే ఆకాశం. గోడ లోపల గోడ, దాని లోపల ఇంకో గోడ, మొత్తం మూడు. మొదటి గోడకీ రెండో గోడకీ నడుమ ఊరు. రెండో గోడకీ మూడో గోడకీ నడుమ మొసళ్ళు పెరిగే కందకం. మూడో గోడ లోపల రాజభవనం, దాని నెత్తిన పడగ విప్పిన పాములాగా ఒక నల్ల బురుజు. రెండో గోడలో కందకం వైపు తెరుచుకునే తలుపును మకరద్వారం అంటారు. రాగి రేకులు తాపిన ఆ తలుపులు మూయాలంటే పదహారుమంది కావాలి.

ఆ ద్వారానికి రెండు దళాల కావలి. ఉత్తరపు వాడ ముసల్మానులది పచ్చ దట్టీ, దక్షిణపు వాడ క్రైస్తవులది తెల్ల దట్టీ. దట్టీ అంటే నడుముకు బిగించే ఆరు మూరల గుడ్డ, అంతే. కానీ ద్వారం మీద పచ్చా తెలుపూ రెండూ లేని క్షణం ఉండరాదని కోట కట్టించిన మొదటి రాజు శాసనం. శుక్రవారం మధ్యాహ్నం పచ్చ దళం యావత్తూ జుమ్మా నమాజుకు పోవాలి. ఆదివారం పొద్దున తెల్ల దళం యావత్తూ పూజకు పోవాలి. రాజు మాటా తప్పకూడదు, దేవుడి పిలుపూ తప్పకూడదు. అందుకని ఆనాటి ముసలివాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. నమాజుకు పోయేవాడు తన పచ్చ దట్టీ విప్పి జోడీగాడి చేతిలో పెడతాడు. వాడు తన తెల్ల దట్టీ మీదే దాన్నీ చుట్టుకుని ఇద్దరి కావలీ ఒక్కడే కాస్తాడు. ఆదివారం అదే తిరగేసి. ఏడు తరాలుగా ఇదే నడక.

ఇన్నాసి తెల్ల దళం వాడు. అతని జోడీ ఖాదరు. పన్నెండేళ్ళుగా ఒకే మెట్టు మీద కూర్చుని, ఒకే దొన్నెలో అటుకులు తింటూ, ఒకరినొకరు ‘బావా’ అని పిలుచుకుంటూ కావలి కాసినవాళ్ళు. ఆ ఖాదరు ఇవాళ మధ్యాహ్నం చావబోతున్నాడు. చావబోయేది ఇన్నాసి చెప్పిన సాక్ష్యం మీద.

ఇంతదాకా ఎలా వచ్చిందో చెప్పాలంటే నాలుగు నెలలు వెనక్కి పోవాలి. రాజు దుర్జయమల్లుడు ఛాయాకేతుడనే మాంత్రికుడి మాట పట్టుకుని రాజభవనం కింద ఒక బిలం తవ్వించడం మొదలుపెట్టాడు. దాని అడుగున చావులేని మందు ఉందట. ఇంటికొక మగవాడు తవ్వకానికి రావాలన్నారు. పోయినవాడు ఒక్కడూ తిరిగి రాలేదు. తొమ్మిదో విడత దండోరా వేసిన రోజున ఊరు తిరగబడింది. పచ్చ దళం, తెల్ల దళం కలిసి రెండు గోడలూ పట్టుకున్నాయి. రాజు సైన్యంతో సహా మూడో గోడ లోపల చిక్కాడు. మొదటి పది రోజులూ పండగే. మసీదు ముంగిట వండిన గంజి చర్చి ముంగిట తాగారు. బిలంలో పోయినవాళ్ళ కోసం ఒక పూట ఫాతిహా, ఒక పూట ప్రార్థన.

తిరగబడడం ఒక పూట పని. ఆ తరువాత కూర్చుని కాపలా కాయడమే కష్టం. ఇరవై రోజులకు బియ్యం తగ్గాయి. గంజి కుండలు వేరయ్యాయి. ‘రాజు పడిపోయాక కోట తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి’ అని ఎవరో అన్నారు. అన్నవాడెవడో తెలియదు గాని, ఆ మాట రెండు వాడల్లోనూ ఒకే రోజున వినబడింది. ‘వాళ్ళు లోపలివాళ్ళతో రాయబారం నడుపుతున్నారట’ అని ఉత్తరంలో దక్షిణం గురించీ, దక్షిణంలో ఉత్తరం గురించీ చెప్పుకున్నారు. రాజు ఉన్నంత కాలం రాజును తిట్టుకున్న నోళ్ళు, రాజు కనబడకపోయేసరికి పక్కవాణ్ణి తిట్టడం మొదలుపెట్టాయి.

అప్పుడు, పోయిన శుక్రవారం, జుమ్మా వేళ చర్చి తగలబడింది. పదకొండుమంది కాలిపోయారు. గంట కొట్టే రాయప్ప అందులో ఒకడు. అతను ఇన్నాసికి చిన్నాన్న, పెంచిన తండ్రి. ద్వారం మీద కావలి ఉన్న ఇన్నాసి తన కళ్ళారా చూశాడు. చర్చి కప్పు మీద కాగడా పట్టుకుని, పచ్చ దట్టీ కట్టుకుని నిలబడ్డవాడు ఖాదరు. అదే మొహం, ఎడమ కనుబొమ మీద అదే గాటు. ఆ మాటే అందరి ముందూ చెప్పాడు. ఖాదరు మా పక్కనే నమాజులో ఉన్నాడని మసీదువాళ్ళు రెండువందలమంది ప్రమాణం చేశారు. ‘వాళ్ళవాణ్ణి వాళ్ళు కాచుకోరా?’ అన్నారు దక్షిణపు వాడలో. శుక్రవారానికి శుక్రవారం, జుమ్మా వేళకే, మకరద్వారం మీద నుంచి మొసళ్ళకు తోసెయ్యాలని దక్షిణపు వాడ తీర్పు చెప్పింది. అంతదాకా ఖాదరును ద్వారం మీదే కట్టేసి ఉంచారు.

ఇదిగో, ఆ శుక్రవారం వచ్చింది.

పొద్దు బారెడెక్కింది. ఇన్నాసి తన ఇంటి అరుగు మీద కత్తి నూరుతున్నాడు. నూరడానికి ఏమీ లేదు, అది నిన్ననే పదునెక్కింది. వీధి చివర కలకలం వినబడి తలెత్తి చూస్తే, బల్లేల మధ్య నుంచి ఒక ముసలామె నడిచి వస్తోంది. ఖాదరు తల్లి గాలిబ్బీ. వారం రోజులుగా ఈ వాడలోకి ఉత్తరపు పురుగు కూడా రాలేదు.

“పొడుస్తారేంరా? పొడవండి. ఎముకలు తప్ప ఏం తగలవు,” అంటూ బల్లెం మొనను చేత్తో పక్కకు నెట్టి, నేరుగా వచ్చి అరుగు ముందు నిలబడింది.

ఇన్నాసి లేచి నిలబడ్డాడు. నోటికి ‘అత్తా’ అనే మాట వచ్చి ఆగిపోయింది.

“కొట్లాటకు రాలేదులే,” అంది గాలిబ్బీ. “నా కొడుకు దట్టీ నీ దగ్గరే ఉండిపోయింది. అదిస్తే పోతా. మొసళ్ళు వాడి ఒళ్ళు ఎట్టాగూ మిగల్చవు. ఆ గుడ్డనైనా కఫన్ గుడ్డలో చుట్టి పాతిపెట్టుకుంటా.”

ఇన్నాసి లోపలికి పోయాడు. ఒక మూల, తట్ట వెనక, పచ్చ గుడ్డ ఉండచుట్టి పడేసి ఉంది. పోయిన శుక్రవారం సాయంత్రం చిన్నాన్నను పూడ్చి వచ్చి, నడుము నుంచి లాగి విసిరేసిందే. ఇంకా పొగ కంపు కొడుతోంది. చివర పసుపు దారంతో మాసిక, గాలిబ్బీ చేతి కుట్టు. దాన్ని తీసుకుని రెండడుగులు వేశాడు. మూడో అడుగు పడలేదు.

ఇది తన నడుముకు ఉంది. చర్చి తగలబడుతున్నప్పుడు, కప్పు మీద ఖాదరును చూసి తాను అరుస్తున్నప్పుడు, ఖాదరు దట్టీ తన నడుముకే ఉంది. నమాజుకు పోతూ ఖాదరే విప్పి ఇచ్చాడు. ‘బిగించి కట్టు బావా, నువ్వు వేసే ముడి ఎప్పుడూ ఊడుతుంది’ అని నవ్వి మరీ పోయాడు. ఒక్క ఖాదరుదేనా? ఆ వేళ పచ్చ దట్టీలన్నీ తెల్ల దళం నడుములకే ఉన్నాయి. మరి కప్పు మీద ఉన్నవాడి పచ్చ దట్టీ ఎక్కడిది?

పన్నెండేళ్ళ అలవాటు. మొలతాడు ఉందో లేదో ఎవరు తడిమి చూసుకుంటారు? రెండో దట్టీ కూడా అంతే.

ఇన్నాసి బయటికి వచ్చేసరికి అతని మొహం సున్నం కొట్టినట్టుంది. గాలిబ్బీ అతన్ని చూస్తూ నిలబడింది.

“నీకు తెలుసు,” అన్నాడతను.

“నీళ్ళు తాగించడానికి పోయినప్పుడు వాడే చెప్పాడు. ‘అమ్మీ, నా దట్టీ ఎక్కడుందో బావను అడుగు’ అన్నాడు. మేం చెప్తే ఎవరు వింటారు? నీ చేత్తో నువ్వే పట్టుకుంటే వింటావని వచ్చా.”

“అత్తా, నేను...”

“ఏడుపు తరవాత. పొద్దు చూశావా?”

ఇన్నాసి పరుగెత్తాడు.

కాలిన చర్చి గోడల మధ్య ఉపదేశి జ్ఞానప్ప నిలబడి ఉన్నాడు. చర్చి గురువుగారు బిలం తవ్వకానికి పోయి తిరిగి రానప్పటి నుంచీ దక్షిణపు వాడకు పెద్ద ఆయనే. చుట్టూ దళం వాళ్ళు. ఇన్నాసి చెప్పిందంతా వినీ వినకముందే ఆరోగ్యం అనే దళనాయకుడు నేల మీద ఉమ్మాడు. అతని భార్య ఆ మంటల్లోనే పోయింది.

“వారం కిందట కప్పు మీద వాడే ఉన్నాడన్నావు. ఇవాళ కాదంటున్నావు. ఆ ముసల్ది ఏం తినిపించిందిరా నీకు?”

“ఏం తినిపించలేదన్నా. దట్టీ చూపించింది.”

“దట్టీలదేముంది, బట్టలంగడికి పోతే గజాలకు గజాలు పచ్చగుడ్డ దొరుకుతుంది.”

జ్ఞానప్ప చెయ్యెత్తి ఆరోగ్యాన్ని ఆపి, ఇన్నాసిని గోడ వారకు తీసుకుపోయాడు.

“నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. లోపలున్న ఛాయాకేతుడు ఏ మొహమైనా పెట్టుకోగలడని విన్నాను. కానీ పదకొండు ఇళ్ళవాళ్ళకు నేను ఒక పాత గుడ్డ చూపించి, కోపం మానుకోండి అని చెప్పలేను నాయనా. వాణ్ణి పట్టుకుంటేనే.”

“పట్టుకోవచ్చు. వాడు ఇవాళ వస్తాడు. పని పూర్తయ్యేది ఇవాళే. ఖాదరు చస్తే ఉత్తరపు వాడ గోడలు వదిలేస్తుంది, రాజు బయటికి వస్తాడు. వాడికి మొహాలు తెలుసు గాని మన కట్టు తెలియదు. జుమ్మా వేళ పచ్చవాళ్ళందరూ దట్టీలు విప్పి మసీదులో ఉండి, మనం రెండేసి కట్టుకుని ఉంటే, ఒక్కటే కట్టినవాడు పరాయివాడు.”

జ్ఞానప్ప గడ్డం గోక్కున్నాడు. చర్చి తగలబడ్డ మర్నాడే రెండు వాడలూ రెండు ఆజ్ఞలు వేసుకున్నాయి. వాళ్ళ గుడ్డ మనం తాకరాదని ఇటు. నమాజులో కూడా దట్టీ, కత్తీ విప్పరాదని అటు. దొంగను పట్టించే గుర్తు ఒక్కటే ఉంటే, దాన్ని ఇద్దరూ పోటీపడి చెరిపేసుకున్నారు.

“వాళ్ళు విప్పితే మేం కడతాం,” అన్నాడు జ్ఞానప్ప చివరికి. “మీరాసాహెబును ఒప్పించుకుని రా.”

మీరాసాహెబు ఉత్తరపు వాడ పెద్ద. ఆయన దగ్గరికి పోవాలంటే రాజవీధి దాటాలి. వీధికి అడ్డంగా బండ్లు తిరగేసి, వెనక విలుకాళ్ళు కూర్చున్నారు. వాళ్ళు అందరికంటే ముందు వెయ్యాలనుకుంటున్న బాణం ఇన్నాసి గుండెకే. గాలిబ్బీ అప్పటికే చర్చిలోకి వచ్చి, కాలిన దూలం ఒకటి చూసుకుని చతికిలబడింది.

“నేనిక్కడే కూర్చుంటా. మీరాకు చెప్పు, గాలిబ్బీ ఇక్కడే ఉందని. అంతకంటే ఏం చెప్పక్కర్లేదు,” అంది.

ఇక మిగిలింది గోడ అవతలి దారి. రెండో గోడ అవతలి మొహాన, కందకం మీదికి, వాననీళ్ళు పోయే రాతి మకరాలు వరసగా పొడుచుకొచ్చి ఉంటాయి. ఒక మకరానికీ ఇంకో మకరానికీ నడుమ రెండు బారల దూరం. మొత్తం పంతొమ్మిది. కింద పాతిక అడుగుల లోతున ఆకుపచ్చని నీళ్ళలో మొసళ్ళ వీపులు దుంగల్లా కదులుతున్నాయి. ఎదురుగా మూడో గోడ మీద రాజు విలుకాళ్ళు.

ఇన్నాసి తెల్ల దట్టీ విప్పి, ఖాదరు పచ్చ దట్టీతో ముడేశాడు. పన్నెండు మూరల తాడయింది. ఒక కొసకు కత్తి ఒర కట్టి, విసిరి అవతలి మకరం మెడకు చుట్టి, ఊగి అందుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగో మకరం దగ్గర మొదటి బాణం చెవి పక్క నుంచి పోయింది. ఏడో మకరం పాచి పట్టి ఉంది. కాలు జారి అతను దట్టీల తాడు కొసకు వేలాడాడు. కింద నీళ్ళు చీల్చుకుని ఒక మొసలి నోరు తెరిచి లేచి, అతని మడమకు జానెడు కింద టప్పున మూసుకుంది. పైకి పాకాడు. పదకొండో మకరం నోట్లో గూడు పెట్టిన సముద్రపు డేగ మొహం మీద పడి గీరింది. దాన్ని తిట్టడానికి కూడా ఊపిరి మిగలలేదు. పద్నాలుగో దగ్గర ముడి సడలినట్టు అనిపిస్తే, పళ్ళతో లాగి బిగించాడు. పంతొమ్మిదో మకరం మీద నుంచి గోడెక్కి ఉత్తరపు వాడలోకి దూకేసరికి ఎదురుగా ఎనిమిది కత్తులు.

“ఎవడ్రా వీడు? అరే, సాక్ష్యం చెప్పినోడు! తనకు తానే వచ్చాడ్రోయ్!”

“మీరాసాహెబు దగ్గరికి తీసుకుపోయి నరకండి. దారి కలిసొస్తుంది,” అన్నాడు ఇన్నాసి రొప్పుతూ.

మీరాసాహెబు మసీదు అరుగు మీద చెవులు వాల్చిన ముసలి సింహంలా కూర్చుని ఉన్నాడు. దట్టీ కథ మొత్తం విన్నాడు. పసుపు దారం మాసికను వేలితో తడిమాడు.

“అంటే, మా కత్తులూ దట్టీలూ మీ చేతుల్లో పెట్టి, మీ బల్లేలకు వీపులిచ్చి మేం నేలకు వంగి సజ్దా చెయ్యాలి. అంతేనా?”

“ఏడు తరాలుగా చేస్తున్నారు కదా పెద్దాయనా.”

“ఏడు తరాల్లో మీరు మావాణ్ణి మొసళ్ళకు వెయ్యలేదు.”

“వేయిస్తున్నది నేనే,” అన్నాడు ఇన్నాసి. “నా తప్పు దిద్దుకోవడానికి ఇంకో గంట ఉంది. గాలిబ్బీ అత్త మా చర్చిలో కూర్చుంది. ఇక్కడే ఉన్నానని చెప్పమంది.”

మీరాసాహెబు గొణుక్కున్నాడు. “దాని మొగుడు పోయిన రోజున కూడా ఇంతే. ఒకరిని అడిగేది లేదు, చెప్పేది లేదు.” లేచి నిలబడి, నడుము దట్టీ విప్పి ఇన్నాసి మెడలో వేశాడు. “నాది తీసుకో. మిగతావాళ్ళు ఇస్తారో లేదో వాళ్ళ ఇష్టం. నేను అడగను.”

అడగకుండానే తొంభైమంది ఇచ్చారు. ముప్ఫైమంది ఇవ్వలేదు. ఒకడు దట్టీ ఇచ్చాడు గాని కత్తి మాత్రం లోపల దాచుకున్నాడు. ఇన్నాసి చూశాడు, చూడనట్టు ఊరుకున్నాడు. దట్టీలు ఇవ్వని ముప్ఫైమంది మసీదు తలుపుకు అడ్డంగా నిలబడితే మీరాసాహెబు వాళ్ళను లోపలికి తోసి గడియ పెట్టించాడు. బండ్లు పక్కకు లాగి దారి ఇచ్చారు. ఇన్నాసి పచ్చ గుడ్డల మోపు నెత్తిన పెట్టుకుని రాజవీధిలో పరుగెత్తుతుంటే వెనక నుంచి నమాజుకు పిలిచే అజా మొదలైంది.

మకరద్వారం కింద తెల్ల దళం నిలబడి ఉంది. ఇన్నాసి మోపు దించాడు. ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు. కావలి ఉద్యోగం లేని జ్ఞానప్ప ముందుగా వంగి ఒక దట్టీ తీసి, ముసలి నడుముకు రెండు చుట్లు చుట్టుకున్నాడు. ఒకడు సణుగుతూ తీసుకున్నాడు. ఇంకొకడు. తీసుకున్నవాళ్ళు మొత్తం పదిహేనుమంది. మిగిలినవాళ్ళు పక్కకు చూశారు. ఇన్నాసి ఖాదరు పచ్చ దట్టీని తన తెల్ల దట్టీ మీద బిగించుకున్నాడు.

“ఇంతమందేనా?” అన్నాడు.

“ఇంతమందైనా నాకు ఆశ్చర్యమే,” అన్నాడు జ్ఞానప్ప. “మరి నువ్వు కిందికెప్పుడు దిగావు? ఇప్పుడే కదా పైకి పోయావు?”

ఇన్నాసి అప్పటికే మెట్ల మీద ఉన్నాడు.

ద్వారం పైన, గోడ అంచున, చేతులు వెనక్కి విరిచి కట్టిన ఖాదరును నిలబెట్టారు. అతని పక్కన ఇంకో ఇన్నాసి నిలబడి ఉన్నాడు. అదే జుట్టు, అదే నూరిన కత్తి. డేగ గీరిన గీత మాత్రం లేదు. నడుముకు తెల్ల దట్టీ ఒక్కటే.

“అజా అయిపోయింది, ఇంకా ఎవరి కోసం? తోసెయ్యండి!” అంటున్నాడు. ఆ గొంతు కూడా ఇన్నాసిదే.

“ఆగండి!”

జనం వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ముందుకు చూసి, నోళ్ళు తెరిచారు. ఖాదరు కూడా మెడ తిప్పి చూశాడు. “ఒకణ్ణి భరించడమే కష్టంగా ఉంటే ఇద్దరేంట్రా నాయనా,” అన్నాడు పగిలిన పెదాలతో.

“వీడే ఛాయాకేతుడు!” అరిచాడు ఇన్నాసి. “ఇవాళ శుక్రవారం. జుమ్మా వేళ. వీడి నడుముకు రెండో దట్టీ లేదు, చూడండి!”

రెండో ఇన్నాసి బెదరలేదు. మెల్లగా నవ్వి, జనం వైపు తిరిగాడు. “లేదు. ఎందుకుంటుంది? మా చిన్నాన్నను కాల్చినవాళ్ళ గుడ్డ నేను కట్టుకుంటానా? వాడు కట్టుకున్నాడు. ఎవడు మీవాడో మీరే చూసుకోండి.”

జనం హోరెత్తారు. ‘అదీ మాట’ అన్నారు. బల్లేలు రెండు దట్టీల ఇన్నాసి వైపు తిరిగాయి. తాను పన్నిన ఉచ్చు తన మెడకే బిగుసుకోవడం ఇన్నాసికి తెలిసింది. అవతలివాడికి కట్టు తెలియకపోవచ్చు. కానీ ఇవతలివాళ్ళ కోపం తెలుసు, అది చాలు వాడికి.

ఆరోగ్యం బల్లెం మొన ఇన్నాసి గొంతుకు ఆనింది.

“అన్నా, పొడువు. పొడిచే ముందు వాణ్ణి ఒక్కటి అడుగు. పోయిన శుక్రవారం, చర్చి తగలబడ్డప్పుడు, ఈ ద్వారం మీద నిలబడి అరిచినప్పుడు వాడి నడుముకు ఏముంది?”

“చెప్పరా,” అన్నాడు ఆరోగ్యం అటు తిరగకుండానే.

“తెల్లది,” అన్నాడు రెండో ఇన్నాసి వెంటనే. “తెల్లది ఒక్కటే. అప్పుడైనా ఇప్పుడైనా వాళ్ళ గుడ్డ నేను తాకిందెప్పుడు?”

బల్లెం మొన గొంతు మీదే ఉంది గాని ఆరోగ్యం తల అటు తిరిగింది. చాలా నెమ్మదిగా, లెక్క తప్పిన మనిషిలా అన్నాడు.

“పోయిన శుక్రవారం మనమందరం రెండూ కట్టాం కదరా. నా పక్కనే నిలబడ్డావు. నేనూ రెండు కట్టుకునే ఉన్నా. ఆ పచ్చగుడ్డ తడిపి మొహానికి అడ్డం పెట్టుకునే కదా మా ఆవిడ కోసం మంటల్లోకి పోయింది.”

బల్లెం గొంతు మీద నుంచి లేచి అటు తిరిగింది.

రెండో ఇన్నాసి మొహం మైనంలా జారిపోయింది. దాని కింద నుంచి ముందు ఖాదరు మొహం, తరువాత ఎవరెవరివో పది మొహాలు, చివరికి ఏ మొహమూ లేని బూడిద రంగు చర్మం బయటపడ్డాయి. ఆరోగ్యం విసిరిన బల్లెం తగిలేలోపు ఆ చర్మం రెక్కలుగా చీలి, ఏనుగు గున్నంత రాబందు అయింది. ఒక కాలితో ఖాదరు కట్లను పట్టుకుని, రెక్కలతో నలుగురిని కందకంలోకి కొట్టి, గాలిలోకి లేచింది.

ఇన్నాసి నడుము దట్టీలు రెండూ లాగి, ఇందాకటిలాగే కొసలు ముడేస్తూ పరుగు తీసి అంచు మీద నుంచి దూకాడు. దూకుతూనే విసిరాడు. పచ్చ కొస రాబందు కాలికి చుట్టుకుంది. తెల్ల కొస అతని పిడికిట్లో ఉండిపోయింది. భుజం ఊడివచ్చినంత కుదుపు. మరుక్షణం కాళ్ళ కింద కందకం, కందకంలో తెరిచిన నోళ్ళు.

వెనక ఆరోగ్యం గొంతు వినబడింది. “మసీదుకు పొండ్రా ఎవరైనా! నమాజు కాగానే మీరాసాహెబును తలుపు మూతకు మనుషుల్ని పంపమనండి. తలుపుకు పదహారుమంది పోతే బల్లేలు పట్టేవాళ్ళు చాలరు! రాజు వంతెన దింపుతున్నాడు!” ఎదుటి గోడ మీద నిజంగానే గొలుసులు గలగలలాడుతున్నాయి. కింద, దట్టీలు కట్టని తెల్ల దళం వాళ్ళు మోపులో మిగిలిన పచ్చ గుడ్డల మీద పడి, ఎవరిదేదో చూడకుండా లాక్కుంటున్నారు. మసీదు తలుపు గడియ తీసిన చప్పుడు గాలిలో సన్నగా వచ్చింది.

రాబందు నల్ల బురుజు వైపు తిరిగింది. బురుజు నెత్తిన గుండ్రని నోరు ఒకటి తెరుచుకుని ఉంది. దాని లోపల నుంచి గునపాల చప్పుడు వస్తోంది. తవ్వకానికి పోయి తిరిగి రానివాళ్ళు ఇంకా తవ్వుతూనే ఉన్నారు.

పైన గోళ్ళకు వేలాడుతున్న ఖాదరు తల వంచి కిందికి చూశాడు.

“బావా, ఆ ముడి వేసిందెవరు?”

“నేనే.”

“అయితే ఊడుతుంది.”

“పంతొమ్మిది మకరాలు దీనితోనే దాటాను. ఊడలేదు.”

“అప్పుడు ఒక్కడివే. ఇప్పుడు కింద నువ్వు, పైన ఈ గద్ద కొట్టుకుంటోంది,” అంటూ ఖాదరు వెనక్కి కట్టిన చేతులను మెలితిప్పి, వేళ్ళ కొసలతో ముడిని అందుకున్నాడు. “కాసేపు ఊగకుండా ఉండు. బిగిస్తా. బిగించాక ఒక్క మాట అడుగుతా. నా మొహం చూడగానే నమ్మేశావు. పన్నెండేళ్ళు పక్కన కూర్చున్నావు కదా బావా, ఒక్కసారి నడుము చూసుకోవాలనిపించలేదా?”

ఇన్నాసి జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. అదే క్షణంలో రాబందు రెక్కలు ముడిచింది, ముగ్గురూ బురుజు నోట్లోకి, గునపాల చప్పుడులోకి, తలకిందులుగా జారిపోయారు. వెలుగు ఆరిపోయే ముందు ఇన్నాసికి చివరగా కనబడింది ఖాదరు వేళ్ళ మధ్య బిగుస్తున్న ముడి ఒక్కటే.